ఆ పొడుగాటి రిజిస్టరు

అమ్మలూ,

నిన్ను క్యాజువాలిటీలో వేశారని మీ నాన్న చెప్పాడు. వైద్యంలో నీకు నేను చెప్పేదేం లేదు. సిస్టర్ టేబుల్ మీదుండే ఆ పొడుగాటి రిజిస్టరు గురించే రాస్తున్నాను.

నా డ్యూటీ రోజుల్లో ఒక ఎండాకాలం, కాలువలు కట్టేసి నెల దాటింది. మంచినీళ్ళ చెరువులు అడుగంటాయి. మూడు రోజులు వాంతులు, విరేచనాలతో జనం వస్తూనే ఉన్నారు. పొద్దుట ఒక డాక్టరు, రాత్రి ఇంకొకరు. సెలైన్ పెట్టాం, తేరుకున్నారు, పంపేశాం. రిజిస్టరులో జబ్బు దగ్గర ‘జి.ఇ.’ (గ్యాస్ట్రో ఎంటరైటిస్, అంటే వాంతులు, విరేచనాలు) అని, ఊరి దగ్గర మండలం పేరు, దాని కింద వరసగా డిటోలు! నాలుగో రోజు అంబులెన్సు డ్రైవరు అన్నాడు, "ఆ లంకకి పొద్దుట్నించీ ఇది మూడో ట్రిప్పండి." వార్డులోకెళ్ళి మంచం మంచం అడిగితే అందరూ ఆ లంకవాళ్ళే. మురిక్కాలవ పక్కనే కుళాయి గొట్టం పగిలి ఉంది. అప్పటికే ఒక ముసలమ్మ పోయింది. రెండో రోజే ఎవరైనా ఆ పేజీ చూసుంటే బతికేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని రోగి నోటితో చెప్పిన మాట ముందు రాయించు, జబ్బు పేరు తర్వాత. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో వచ్చినప్పుడు ఏ జబ్బని రాస్తారు? రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది ఆ తర్వాతే. ఊరొక్కటే చాలదు, పేట, వీధి కూడా ఉండాలి.

డ్యూటీ దిగేముందు పది నిమిషాలు కూర్చుని జ్వరాలెన్ని, విరేచనాలెన్ని, ఆయాసాలెన్ని, మూర్ఛలెన్ని, ఏ ఊరివి అని గీతలు పెట్టు. ఇవాళ్టి లెక్కని నిన్నటితో పోల్చకు. నిన్నా మొన్నా వదిలేసి, అంతకుముందు వారం సగటుతో పోల్చు. మెల్లగా పెరిగే జబ్బు నిన్నటి లెక్కలోనే దాక్కుంటుంది. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి క్యాజువాలిటీ నిండుతుంది, దానికి భయపడకు. నాట్లప్పుడు పాముకాట్లూ అంతే. కానీ వరద తీసిన వారం పది రోజులకి పిక్కల నొప్పులు, ఎర్రటి కళ్ళతో జ్వరాలొస్తే ఎలుక జ్వరమేమో చూడు.

ఒకే పేట నుంచి మామూలుకి మించి వచ్చారా, జబ్బుల మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ ఆఫీసరుకి వెంటనే ఫోను చెయ్యి. పేర్లక్కర్లేదు, వయసు, ఊరు, బాధ చాలు. ఐడీఎస్పీలో, అంటే ఆ నిఘా కార్యక్రమంలో, లక్షణాలు చూసి ఏఎన్ఎంలు పంపేది ఎస్ ఫారం, ఫలానా జబ్బు అయ్యుంటుందని మీ డాక్టర్లు పంపేది పి, ల్యాబు తేల్చి పంపేది ఎల్. ల్యాబు రిపోర్టు కోసం ఆగితే ఆ కుళాయి నీళ్ళు ఇంకో రెండు రోజులు తాగుతారు. పదిసార్లు చేస్తే ఏడెనిమిదిసార్లు ఏమీ ఉండదు. అయినా పదకొండోసారీ చెయ్యాల్సిందే.

రాత్రి సిస్టర్ని, అంబులెన్సు కుర్రాళ్ళని మాటల్లో పెట్టుకో. ఏ లంక ఏ రేవు మీదుగా వస్తుందో వాళ్ళకే తెలుసు. కాలువలు కట్టేలోపు నేనే ఒకసారి వస్తాను, పాత రిజిస్టర్లు అటక మీదుంటే దింపించి ఉంచు.

దీవెనలతో,
పెదనాన్న