మందు మానేసినా గ్లాసుల చప్పుడు వింటే మళ్లీ తాగాలని ఎందుకు అనిపిస్తుంది?

తాగిన ప్రతిసారీ అప్పటి చోటు, వాసన, చప్పుడు, పక్కనున్న మనుషులు కూడా మందు ఇచ్చే హాయితో కలిసి మెదడులో ముద్రపడతాయి కాబట్టి, మానేశాక కూడా అవి ఎదురైతే చాలు, కోరిక లేస్తుంది. మందు పడగానే మెదడులో డోపమైన్ పెరుగుతుంది. అది సంతోషం ఇచ్చే రసాయనం అని అందరూ అంటారు గానీ, దాని పెద్ద పని 'ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో' అని చెప్పడం. అప్పుడు కలిసి పనిచేసిన నాడీకణాల మధ్య కనెక్షన్లు గట్టిపడతాయి, చోటు వివరాలను హిప్పోక్యాంపస్, దానితో ముడిపడ్డ భావాన్ని అమిగ్డలా అనే మెదడు భాగాలు పట్టుకుంటాయి. ఇలా చాలాసార్లు జరిగాక డోపమైన్ మందు కోసం ఆగదు, ఆ చోటు, చప్పుడు లాంటి గుర్తు ఎదురవగానే ముందే లేస్తుంది.

ఉదాహరణకు, రోజూ సాయంత్రం ఒకే కుర్చీలో కూర్చుని తాగిన మనిషి నెలల తర్వాత అందులో ఊరికే కూర్చున్నా నోరూరుతుంది.

దీన్ని మనసు బలహీనత అనుకోవడం, ఒంట్లోంచి మందు పోతే కోరికా పోతుందనుకోవడం, రెండూ పొరపాటే. ఆ గుర్తు ఎదురైనా తాగకుండా ఉంటే 'ఇప్పుడు మందు రాదు' అనే కొత్త జ్ఞాపకం ఏర్పడుతుంది, అంతేగానీ పాతది చెరిగిపోదు, అందుకే టెన్షన్‌లో ఉన్నప్పుడో చోటు మారినప్పుడో మళ్లీ తలెత్తుతుంది.