వరంగల్ చుట్టుపక్కల ప్లాటు కొని మూడేళ్లలో అమ్ముకోవచ్చా? రూల్స్ అడ్డొస్తాయా?

చేతిలో 15 లక్షలున్నాయి, హన్మకొండ చుట్టూ ఎక్కడైనా ప్లాటు కొని మూడేళ్లలో అమ్మేయాలి, మధ్యవర్తేమో "రూల్స్‌దేముంది సార్, రిజిస్ట్రేషన్ అయితే చాలు" అంటున్నాడు. ఇదీ మీరు అడిగింది. ఇదే మాట 2017లో నాకూ ఒకాయన చెప్పాడు. నమ్మాను.

హసన్‌పర్తి దాటాక ఒక వెంచర్లో 200 గజాలు తీసుకున్నా. మొరం రోడ్లు, సున్నం కొట్టిన హద్దురాళ్లు, ముందర రంగురంగుల ఆర్చి. లేఅవుట్‌కు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) అనుమతి లేదు, పంచాయతీ స్టాంపు వేసిన నక్షా ఒక్కటే ఉంది. రిజిస్ట్రేషన్ గంటలో అయిపోయింది కదా, ఇక నాకు అనుమానం ఎందుకొస్తుంది? మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరేనాటికి, అంటే 2020కి, అమ్మేయాలని లెక్క వేసుకున్నా.

అనుకున్నట్టే ఆ ఏడాది ఆగస్టులో బేరం కుదిరింది. యాభై వేలు బయానా కూడా అందింది. అదే నెల 26న అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. సెప్టెంబరులో ధరణి అనే కొత్త భూరికార్డుల పోర్టల్ పేరుతో అన్ని రిజిస్ట్రేషన్లూ ఆగాయి. కొనేవాడు రెండు నెలలు ఓపిక పట్టి బయానా వెనక్కి అడిగాడు, ఇచ్చేశా. కాలేజీ ఫీజుకు మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ పండక్కోసారి గుర్తు చేస్తారు.

అప్పటికే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లను మళ్లీ అమ్ముకోవచ్చని డిసెంబరు చివర్లో సడలింపు వచ్చింది. అయినా బేరం రాలేదు. వచ్చినవాడల్లా ముందు "ఎల్ఆర్ఎస్ అయ్యిందా?" అనే అడిగేవాడు. అనుమతి లేని లేఅవుట్లోని ప్లాటును ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం అది. ఇల్లు కట్టుకోవాలనుకునేవాడికి పర్మిషన్, బ్యాంకు లోను కావాలి, ఆ రెండూ ఆ కాగితం దగ్గరే ఆగుతున్నాయి మరి. వెయ్యి రూపాయలు కట్టి పెట్టిన నా దరఖాస్తు 2025లో 25 శాతం రాయితీ ప్రకటించాక గానీ కదల్లేదు.

కట్టిన డబ్బు మాత్రం నేను భయపడినంత లేదు. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు, క్రమబద్ధీకరణ ఫీజు మీటరుకు 400 చొప్పున 66,800. నేను కొన్ననాటి ప్రభుత్వ విలువ గజం 1,500 కాబట్టి అందులో 20 శాతమే కట్టాలి, అంటే 13,360. వెంచర్లో ఖాళీ స్థలం వదల్లేదు గనక, కొన్ననాటి విలువ మూడు లక్షల మీద 14 శాతం, 42,000. రెండూ కలిపి 55,360, రాయితీ పోను 41,520. ఈ 41 వేల కాగితం లేక ఐదేళ్లు నా డబ్బు ఆ ఎర్రమట్టిలో ఇరుక్కుంది. ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ (మంజూరు పత్రం) చేతికొచ్చిన నెలలోపే ఇద్దరు బేరానికొచ్చారు.

అందుకే మీ మూడేళ్ల ప్లానుకు నా జవాబు: ఫైనల్ అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రెండూ ఉన్న వెంచర్లో అయితేనే చేయండి. ఆ 15 లక్షలకు 200 గజాలు రాకపోతే 120 గజాలే కొనండి. టెంటేటివ్ (తాత్కాలిక) అప్రూవల్ చూపించి తొందరపెడితే ఆగండి, కొన్ని ప్లాట్లు ఇంకా కుడా దగ్గర తనఖాలోనే ఉంటాయి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. ప్రీ లాంచ్ ఆఫరంటూ మెసేజ్ వస్తే డిలీట్ కొట్టేయడమే. రెరా ఉన్న చోట కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ అడగకూడదు.

గుంటల లెక్కన అమ్మే ఫాం ప్లాటు మీకు వద్దు. అది కాగితం మీద వ్యవసాయ భూమే, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) కాకుండా ఇల్లు లేవదు. పదేళ్లు ఆగగలిగినవాళ్ల సంగతి వేరు.

చెరువుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చింది మనందరం చూశాం. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. ఎండాకాలంలో చూస్తే శిఖం (చెరువు గర్భం) భూమి కూడా చదునుగా ముచ్చటగానే ఉంటుంది, ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి.

మా బావమరిది ఖిలా వరంగల్‌లో పాత పెంకుటిల్లు చవగ్గా వస్తోందని, పడగొట్టి రెండంతస్తులు వేసి అద్దెకిద్దామని సంబరపడ్డాడు. కొలిస్తే రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపే ఉంది. అక్కడ కొత్త నిర్మాణం నిషేధం, మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా కూడా అనుమతి లేనిదే ఇటుక పెట్టలేరు. చవగ్గా ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది, పాపం.

ముందుగా మధ్యవర్తి దగ్గర సర్వే నంబరు తీసుకోండి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, 22ఏ నిషేధిత జాబితాలో చూడండి, కుడా 2041 మాస్టర్ ప్లాన్‌లో ఆ నంబరు ఏ జోన్‌లో పడిందో కనుక్కోండి. నంబరు చెప్పకుండా "ముందు సైటు చూద్దాం పదండి" అన్నాడంటే ఆయన కారెక్కకండి.