వేరు కొన కోశాక సీల్ నిలవాలంటే

ప్రశ్న: ముందు పన్నుకు నాలుగేళ్ల కిందట రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. చిగురు మీద చీము పొక్కు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. వేరు కొన కోసి సీల్ వేయాలంటున్నారు. కాలువ ఒకసారి పూడ్చాక మళ్లీ సీల్ దేనికి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పొక్కు మళ్లీ మళ్లీ లేస్తోందంటే కాలువలో సూక్ష్మజీవులు మిగిలి ఉన్నాయనే అనుమానించాలమ్మా. కొన కోసినంత మాత్రాన అవి పోవు. పైగా కోసిన చోట కాలువ నోరు ఎముకలోకి తెరుచుకుంటుంది. ఆ నోరు మూయడానికే సీల్.

కొన 3 మిల్లీమీటర్లు తీస్తారు. కాలువ నుంచి చీలే సన్నని పాయలు ఎక్కువగా ఆ మేరలోనే ఉంటాయి. కోత వేరుకు అడ్డంగా, తిన్నగా పడాలి. పూర్వం కంటికి కనబడాలని 45 డిగ్రీల ఏటవాలుగా కోసేవారు. అలా కోస్తే పంటిలోని సూక్ష్మ గొట్టాలు ఎక్కువగా తెరుచుకుని లీకు పెరుగుతుంది. ఇప్పుడు వంపు తిరిగిన అల్ట్రాసోనిక్ టిప్‌తో కాలువ వెంటే ఇంకో 3 మి.మీ. గుంత చేసి సిమెంటు నింపుతారు. పైపైన పూతలా పూస్తే ఎంత ఖరీదైన సిమెంటూ పనిచేయదు.

సీల్‌కు పాదరసం కలిసిన లోహ మిశ్రమం అమాల్గమ్ వాడే రోజులు పోయాయి. అది తుప్పు పట్టేది, చిగురులో నల్లమచ్చ మిగిల్చేది. తర్వాత లవంగ నూనెలోని యూజినాల్ కలిసిన ఐ.ఆర్.ఎం., సూపర్ ఈబీఏ అనే సిమెంట్లు వచ్చాయి. 1993లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం నుంచి టొరాబినెజాద్ బృందం ఎం.టి.ఎ. (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్) అనే సిమెంటును వెలుగులోకి తెచ్చింది. ఇది పోర్ట్‌లాండ్ సిమెంటు జాతిదే. తడి తగిలితేనే గట్టిపడుతుంది, దాని మీద వేరు పైపొర తిరిగి పెరగగలదు.

ఒప్పుకునే ముందు రెండు విషయాలు అడగండి. క్యాప్ తీసి రూట్ కెనాల్ మళ్లీ చేయడానికి వీలుందా? వేరు నిలువునా చీలిందేమో చూశారా? చిగురు చుట్టూ ప్రోబ్ (లోతు కొలిచే సన్నని పుల్ల) పెడితే ఒక్కచోటే సన్నగా, లోతుగా దిగిందంటే చీలికను అనుమానించాలి. చీలిన వేరుకు సీల్ దండగ.

ప్రశ్న: ఎం.టి.ఎ. పెట్టాక కుట్లు వేసేలోపే కొట్టుకుపోతోంది. లోపం ఎక్కడ?
– ఒక యువ డెంటిస్ట్, ఒంగోలు

జవాబు: చాలాసార్లు లోపం రక్తంలోనూ, చివర్లో కొట్టే సెలైన్‌లోనూ ఉంటుంది. ఎం.టి.ఎ. గట్టిపడటానికి రెండు మూడు గంటలు పడుతుంది. కడగాల్సిందంతా సిమెంటు పెట్టకముందే కడగండి. పెట్టాక తడి దూదితో అంచులు తుడవడమే, సిరంజి ముట్టుకోవద్దు.

ముందు ఎముక గుంతలోని మెత్తటి కండంతా గీకి తీయండి. చీము ఉన్న చోట ఆమ్లగుణం వల్ల ఎం.టి.ఎ. సరిగా గట్టిపడదు. అడ్రినలిన్‌లో తడిపిన దూది ఉండలు కూరి 2 నుంచి 4 నిమిషాలు నొక్కి పట్టండి. పైవి తీసేసి, అడుగు ఉండను సీల్ వేసేదాకా ఉంచి తర్వాత తీయండి. పెట్టినవెన్నో, తీసినవెన్నో లెక్క సరిపోవాలి. రక్తం ఆపే ఫెర్రిక్ సల్ఫేట్ వాడితే సిమెంటుకు ముందే గీకి కడిగేయండి. మిగిలితే ఎముక మానడం ఆలస్యమవుతుంది.

వేరులో చేసిన గుంతను పేపర్ పాయింట్లతో (తడి పీల్చే సన్నని కాగితపు పుల్లలతో) ఆరబెట్టండి. ఎం.టి.ఎ. పొడి 3 పాళ్లు, స్టెరైల్ నీళ్లు 1 పాలు, తూకంలో. కలిపాక తడి ఇసుకలా ఉండాలి. మెరుస్తుంటే గాజుగుడ్డతో నీరు లాగేయండి. కొద్దికొద్దిగా పెట్టి ప్లగర్‌తో (కూరే పనిముట్టుతో) నొక్కండి. కుట్లకు ముందే ఎక్స్‌రే తీయండి. మధ్యలో నల్లగా ఖాళీ కనబడితే అప్పుడే తీసి మళ్లీ నింపొచ్చు.

మన కోస్తా ఉక్కపోతలో తెరిచిన పొట్లం తేమ లాగి పాడవుతుంది. ఒక్క మోతాదు ప్యాకెట్లే కొనండి. ముందే కలిపి వచ్చే పుట్టీ రకం సిమెంటు వాడితే మూత వెంటనే బిగించండి. ఇదే జాతికి చెందిన మరో సిమెంటు బయోడెంటిన్ సుమారు 12 నిమిషాల్లో గట్టిపడుతుంది గానీ ఎక్స్‌రేలో అంత తెల్లగా కనబడదు. కింది మొదటి దవడ పన్ను ముందు వేరులో రెండు కాలువలను కలిపే సన్నని సందు తరచూ ఉంటుంది. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు పూసి, మైక్రోస్కోప్‌లో చూసి, దాన్నీ గుంతలో కలిపేయండి.

ప్రశ్న: ఆపరేషనై ఏడాదైంది. నొప్పి లేదు, ఎక్స్‌రేలో నలుపు కొంచెం మిగిలింది. మళ్లీ చేయించాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నలుపు మునుపటికన్నా తగ్గి, వాపు, చీము లేకపోతే తొందరపడొద్దు. ఆ నలుపు ఎముక ఇంకా నిండని చోటు, పెద్ద గుంత పూడటానికి ఏడాది చాలకపోవచ్చు. పెదవి వైపు, అంగిలి వైపు రెండు ఎముక గోడలూ పోయిన చోట ఎముకకు బదులు మచ్చ కణజాలం నిండొచ్చు. ఆ నలుపు ఎప్పటికీ అలాగే ఉండొచ్చు. పాత ఎక్స్‌రేలు పారేయకుండా, ఏటా అదే కోణంలో తీయించి పక్కపక్కన పెట్టి చూపించండి. నలుపు పెరిగినా, నొక్కితే నొప్పి మొదలైనా అప్పుడు సీబీసీటీ స్కాన్ (మూడు కోణాల్లో చూపే ఎక్స్‌రే స్కాన్) తీయించాలి.