128 మందికి మూడు తుపాకులు

తమ్ముడూ,

నీ వియత్నాం వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ సగానికి పైగా ఏ విమానం ఎన్ని బాంబులు మోసింది, ఏ కొండ ఎవరి చేతికి వచ్చింది అనే గొడవే ఉంది. 1969 మేలో హాంబర్గర్ హిల్ అనే కొండ కోసం అమెరికా సైన్యం పది రోజులు పోరాడి, తీరా ఎక్కాక కొన్ని వారాలకే వదిలేసి దిగిపోయింది. నువ్వు ఎక్కడం దగ్గరే ఆపేశావు. నాకు దిగిపోవడం గురించి చదవాలని ఉంది.

అమెరికా ఆ యుద్ధంలోకి ఎలా దిగిందో చాలామంది రాశారు. ఎందుకు ఆపలేకపోయిందో నువ్వు పట్టుకో. దానికి యుద్ధరంగం కన్నా వాషింగ్టన్‌లోని ఫైళ్ళు ఎక్కువ పనికొస్తాయి. దక్షిణ వియత్నాంలోని దా నాంగ్ తీరంలో అమెరికా మెరైన్లు దిగింది 1965 మార్చి 8న. ఆ నెలలోనే రక్షణ శాఖ అధికారి జాన్ మెక్‌నాటన్ తన మంత్రి మెక్‌నమారా కోసం ఒక నోట్ రాశాడు. అమెరికా లక్ష్యాలను శాతాల్లో పంచాడు. పరువు పోయే ఓటమి తప్పించుకోవడానికి 70 శాతం, ఆ నేల చైనా చేతిలో పడకుండా చూడటానికి 20, దక్షిణ వియత్నాం ప్రజల మంచి బతుకు కోసం 10. ప్రజలకు చెప్పింది మాత్రం ఆ చివరి పది శాతం గురించే. నాలుగేళ్ళకు అక్కడి అమెరికన్ సైనికులు 5 లక్షల 43 వేలు దాటారు. ఈ నోట్ సంగతి లోకానికి తెలిసింది 1971లో, పెంటగాన్ పత్రాలు, అంటే రక్షణ శాఖ రహస్యంగా రాయించుకున్న యుద్ధ చరిత్ర, బయటపడ్డాక. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఉత్తర వియత్నాం పక్కనున్న టాంకిన్ సింధుశాఖలో జరిగిన సంఘటనను నాలుగు లైన్లలో ముగించావు. అక్కడ తొందరపడకు. 1964 ఆగస్టు 4 రాత్రి అమెరికా యుద్ధనౌకల మీద ఉత్తర వియత్నాం రెండో దాడి జరిగిందన్నారు. ఆ ఓడల మీదున్న అమెరికన్ కెప్టెన్ హెరిక్ గంటల్లోనే అనుమానం వ్యక్తం చేస్తూ సందేశం పంపాడు: వాతావరణం రాడార్‌ను మోసం చేసి ఉండొచ్చు, నీటిలోని చప్పుళ్ళు వినే సోనార్ మనుషులు అత్యుత్సాహపడి ఉండొచ్చు అని. అయినా ఉత్తర వియత్నాం మీద అమెరికా బాంబులు పడ్డాయి. ఆగస్టు 7న ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2తో అధ్యక్షుడికి యుద్ధాధికారమిచ్చే తీర్మానం పాసైంది. వ్యతిరేకించిన ఆ ఇద్దరు సెనేటర్లు మోర్స్, గ్రూనింగ్. వాళ్ళకు కనీసం ఒక పేరా ఇవ్వు.

ఇక అంకెలు. ఈ విషయంలో నాకు నీతులు చెప్పే అర్హత లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో రాత్రి డ్యూటీ సబ్ ఎడిటర్‌ని. టెలిప్రింటర్ మీద దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ నుంచి వార్త వచ్చేది, ‘ఇన్ని వందల మంది వియత్‌కాంగ్‌ల హతం’ అని (అంటే దక్షిణాది కమ్యూనిస్టు గెరిల్లాలు) హెడ్డింగ్ పెట్టి టీకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎవరు లెక్కపెట్టారు అని ఒక్కరోజూ అడగలేదు. శత్రువు భర్తీ చేసుకోలేనంత మందిని చంపితే గెలుస్తామన్నది అక్కడి అమెరికా సేనల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ లెక్క. గెలుపుకి కొలత శవాలే అయినప్పుడు శవం దొరికితే చాలు, ఎవరిదైతేనేం. 1968 మార్చి 16న మై లై అనే ఊళ్ళో 128 మంది శత్రువులను చంపామని సైన్యం ప్రకటించింది. దొరికిన తుపాకులు మూడు. చచ్చిపోయింది ఊళ్ళోని ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. అక్కడి స్మారకం మీద 504 పేర్లున్నాయి. అసలు సంగతి బయటికి రావడానికి ఇరవై నెలలు పట్టింది. 128 మందికి మూడు తుపాకులేమిటని ఏ డెస్కులోనూ ఎవరికీ తట్టలేదు. ఆ డెస్కుల్లో నాలాంటివాళ్ళే ఉన్నారు మరి.

ఇంకోటి, కోపం తెచ్చుకోకు. నీ వ్యాసంలో వియత్నామీలు రెండే పనులు చేస్తున్నారు: సొరంగాల్లోంచి రావడం, చచ్చిపోవడం. వాళ్ళకూ రాజకీయాలున్నాయి, తగువులున్నాయి. ఉత్తర వియత్నాం రాజధాని హనోయిలో హో చి మిన్ పేరు ముందున్నా, అరవైల్లో పగ్గాలు ఎక్కువగా కమ్యూనిస్టు పార్టీ నాయకుడు లె జువాన్ చేతిలో ఉండేవి. 1968 టెట్ (వియత్నామీల కొత్త సంవత్సరం) దాడుల్లో హ్యూ నగరాన్ని పట్టుకున్న కమ్యూనిస్టు దళాలు చేసిన హత్యలు నువ్వు రాయలేదు. దక్షిణ వియత్నాం సైనికులు రెండు లక్షల మందికి పైగా పోయారు, వాళ్ళనూ మర్చిపోయావు. నీ సానుభూతి ఎటుందో నాకు తెలుసు, నాదీ అటే. అయినా రాయాలి. వియత్నాంను ఉత్తరం, దక్షిణంగా విడదీసిన 1954 జెనీవా ఒప్పందం అమలును చూసిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత మన దేశానిదే. 1962లో ఆ సంఘం ఉత్తరాన్నీ తప్పుపట్టింది, అమెరికా సైనిక సాయం తీసుకున్నందుకు దక్షిణాన్నీ తప్పుపట్టింది. పోలండ్ సభ్యుడు సంతకం పెట్టలేదు. ఆ నివేదిక సంపాదించి చదువు.

చివరి పేజీలో, సైగాన్ అమెరికన్ ఎంబసీ పైకప్పు మీద హెలికాప్టర్, నిచ్చెన ఎక్కుతున్న జనం అని ఆ ఫొటోని వర్ణించావు. అది ఎంబసీ కాదు. జా లాంగ్ వీధిలోని 22వ నంబరు అపార్ట్‌మెంట్, తీసింది 1975 ఏప్రిల్ 29న. ఆ వాక్యం సరిచేశాక మళ్ళీ పంపు. ఈసారి కాస్త పెద్దక్షరాల్లో ప్రింట్ తీయించు, కళ్ళు లాగేస్తున్నాయి.

మీ అన్నయ్య