‘నాడు’ దేశమా, రాష్ట్రమా?

సందేహం: మూడు తరాలుగా మాది చెన్నై. 2023 జనవరిలో ఇక్కడి గవర్నర్ ఆర్.ఎన్. రవి ‘తమిళనాడు’ కన్నా ‘తమిళగం’ అనడమే సబబు అన్నారు. పెద్ద రభస జరిగింది. నాడు అంటే దేశం కాబట్టి ఆ పేరులో వేర్పాటు వాసన ఉందని మా ఆఫీసులో ఒకాయన ఇప్పటికీ వాదిస్తారు. తెలుగులో నాడుకు ఆ అర్థం ఉందా? ఇంకొకటి. గవర్నరును తమిళులు ‘ఆళునర్’ అంటారు. మనకు తెలుగు మాట ఎందుకు లేదు? – ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: రెండు ప్రశ్నలనుకుని అడిగారు గానీ, మీరడిగిన రెండు మాటలూ పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఒకే రాతి మీద పక్కపక్కన కూర్చున్నాయి. కడప జిల్లా కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా చెప్పుకునేది. అందులో ధనంజయుడనే రాజు ‘రేనాణ్డు ఏళన్’ అని ఉంది. అంటే రేనాడును ఏలుతుండగా అని. ‘నాణ్డు’ మన నాడే. ‘ఏళన్’లో ఉన్నది మన ఏలుబడి, మీ తమిళుల ఆళునర్.

ముందు నాడు సంగతి. రేనాడు, పలనాడు, వెలనాడు, పాకనాడు, ములికినాడు, కరీంనగర్ వైపు సబ్బినాడు. ఇవి ఒక్కొక్కటీ కొన్ని తాలూకాల పాటి నేల. వీటిలో ఏదీ మీ ఆఫీసు మిత్రుడు భయపడే రకం దేశం కాదు. పాత రాగిరేకుల శాసనాలు చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. సంస్కృతంలో రాయాల్సి వచ్చినప్పుడు కమ్మనాడును ‘కమ్మరాష్ట్రం’ అనీ ‘కర్మరాష్ట్రం’ అనీ రాశారు. అంటే నాడుకు మన పూర్వీకులు ఎంచుకున్న సంస్కృత పదం రాష్ట్రం! 1969 జనవరి 14న మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది కదా, మన రాగిరేకుల లెక్కన అది అక్షరాలా ‘తమిళ రాష్ట్రం’.

పోనీ దేశం అన్నా కొంపేమీ మునగదు. నన్నయ రాజమహేంద్రవరాన్ని ‘వేంగీదేశం’లోనే పెట్టాడు. అదే వేంగినాడు. 1982లో తెలుగుదేశం పేరుతో పార్టీ పుడితే, ఆ పేరు చూసి వీసా అడుగుతారేమోనని ఎవరూ బెంగపడలేదు. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఒకే సంస్కృత పదం పొరుగు భాషల్లో వేర్వేరు కొలతలకు కుట్టుకున్న చొక్కా అయింది. హిందీలో రాష్ట్ర అంటే మొత్తం దేశం, రాజ్య అంటే మనం రాష్ట్రం అనేది. మనకేమో రాజ్యం అంటే రాజులూ కోటలూ గుర్తొస్తాయి. హిందీ చెవితో తమిళ నాడును, తెలుగు రాష్ట్రాన్ని వింటే అనుమానాలు పుట్టడం సహజం. చెవిది తప్పు, మాటది కాదు.

తమిళగం కూడా నేరం చేసిన మాటేమీ కాదు. సంగ సాహిత్యంలో, అంటే తొలినాటి తమిళ కవిత్వంలో ఉంది. తమిళ పత్రికలు రోజూ వాడతాయి. 2024లో నటుడు విజయ్ తన పార్టీ పేరు ఆ మాటతోనే మొదలుపెట్టారు, ఆ మాట మీద పెద్ద రభసేమీ జరగలేదు. అలాగని తమిళనాడు నిన్నమొన్నటి కల్పన కూడా కాదు, పాత తమిళ కావ్యం శిలప్పదికారంలోనే ఉంది. పైగా ఆ పేరు పెట్టాలన్నది ప్రధాన డిమాండ్లలో ఒకటిగా 1956లో గాంధేయవాది శంకరలింగనార్ 76 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలారు. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్షను తలచుకునే మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటి పేరును, అందులోనూ రాజ్‌భవన్‌లో కూర్చుని, సబబు కాదంటే అది పదచర్చగా మిగలదు. ఆ ఏడు పొంగల్ ఆహ్వానపత్రంలో ‘తమిళగ ఆళునర్’ అని అచ్చయ్యేసరికి మంట ఎగసింది. జనవరి 18న గవర్నరు వివరణ ఇచ్చారు. కాశీతో తమిళుల పాత అనుబంధం గురించి మాట్లాడుతూ ఆ సందర్భంలో అన్నాననీ, పేరు మార్చమన్నట్టు అర్థం తీయడం సరికాదనీ. నన్నడిగితే, ఒక మాటను పొగడటానికి దాని పక్కింటి మాటను తక్కువ చేయకుండా ఉంటే సరిపోయేది.

ఇక ఆళునర్. ‘ఆళ్’ అంటే ఏలడం. తమిళంలో మాట మొదట ‘యా’ గానీ ‘ఆ’ గానీ ఉన్న చోట తెలుగులో ‘ఏ’ రావడం చాలా మాటల్లో కనిపిస్తుంది. యానై మనకు ఏనుగు. ఆఱు అనే నది మన సెలయేటిలోని ఏరు. ఆణ్డు అంటే సంవత్సరం, మన ఏడు, ఏడాది. ఆ లెక్కన ఆళునర్ తెలుగులో ‘ఏలిక’ కావాలి. ‘గవర్నర్’ అన్న చోట ‘ఏలిక’ పెట్టి ఏదైనా పత్రికా వార్త చదివి చూడండి, నవ్వొస్తుంది. ఎందుకంటే గవర్నరు ఏలడని మనకు తెలుసు. ఏలేవారిని ఇంటికి పంపగలడని మాత్రం 1984 ఆగస్టు 16న చూశాం. అప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నరు రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన రోజు అది. బర్తరఫ్ అన్న మాట పారసీది, పక్కకు తప్పించడమని అర్థం. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగొచ్చారు గానీ ఆ మాట పల్లెల్లో కూడా పాతుకుపోయింది.

హిందీ, కన్నడల దారిలో ‘రాజ్యపాలుడు’ అందామా? మన చెవికి అది కిరీటం పెట్టుకుంటుంది. ‘రాష్ట్రపాలుడు’ అందామంటే ఢిల్లీలో రాష్ట్రపతి ఉన్నారు. పతికీ పాలుడికీ తేడా చెప్పడానికి రోజూ ఒక సందేహాల శీర్షిక నడపాలి. అందుకే తెలుగువాడు గవర్నర్ అని ఊరుకున్నాడు. ఊరుకోవడమేమిటి, బెజవాడలో గవర్నర్‌పేట కట్టేసుకున్నాడు. గవర్నర్, గవర్నరు రెండూ ఒప్పే. విభక్తి చేర్చేటప్పుడు ఉకారాంతం హాయిగా ఉంటుంది: గవర్నరుకు, గవర్నరుతో.

మీరు చెన్నైలో ఉన్నారు కాబట్టి అణ్ణాదురై పేరిట చలామణీలో ఉన్న సామెత లాంటి మాట వినే ఉంటారు: ‘ఆట్టుక్కు తాడి ఎదుక్కు, నాట్టుక్కు గవర్నర్ ఎదుక్కు’. మేకకు గడ్డమెందుకు, నాడుకు గవర్నరెందుకు అని. ఇందులో నాడు అంటే రాష్ట్రమేనని మీ ఆఫీసు మిత్రుడికి చూపించండి. ‘ఆడు’ అనే మేక కూడా మన చుట్టమే, ఏట మాంసంలోని ఏట అదే. కానీ దీన్ని తెలుగు చేయబోకండి. తమిళంలో రోజుకు నాళ్, నేలకు నాడు అని రెండు మాటలున్నాయి. మనకు రెండూ కలిసి నాడే అయ్యాయి. ‘నాటికి గవర్నరెందుకు’ అంటే, ఏ నాటికి అని అడుగుతారు.