1.9 లక్షలకే పాత బొలెరో పికప్ ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 2014 మోడల్ బొలెరో పికప్. చుట్టుపక్కల ఎవరిని అడిగినా మూడు లక్షలకు తక్కువ చెప్పడం లేదు. పాత బండ్లు కొని అమ్మే ఒక కన్సల్టెన్సీ అతను మాత్రం 1.9 లక్షలకే ఇస్తాను, పేపర్లు నిదానంగా చూసుకుందాం అంటున్నాడు. కూరగాయల లోడ్లకు పనికొస్తుందా అని.

ముందు ఆ లక్ష ఎందుకు తగ్గిందో తేల్చుకోండి. ఇంజిన్ పోయి తగ్గిందంటే నేనైతే ధైర్యంగా బేరానికి కూర్చుంటాను. చాసిస్ (బండి అడుగు చట్రం) పోయో, కాగితాల్లో లిటిగేషన్ ఉండో తగ్గిందంటే ఇంకో యాభై వేలు తగ్గించినా లేచి వచ్చేస్తాను. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయి, పొగ లేకుండా తిరిగితే చాలు, అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తారు.

మాది కడియం దగ్గర. నర్సరీ మొక్కల లోడ్లు తోలుతుంటాను. నేను బండి కొనేటప్పుడు రెండు పికప్‌లు చూశాను. మొదటిది ఆకివీడు వైపు నుంచి వచ్చింది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, ఇంజిన్ చప్పుడు కూడా శుభ్రంగా ఉంది. తొట్టిలో పరిచిన రబ్బరు షీటు ఎత్తగానే నీచు వాసన కొట్టింది. సెల్ టార్చ్ పట్టుకుని కిందికి దూరి చూస్తే చాసిస్ మొత్తం నిగనిగలాడే నల్ల పెయింటు. బోల్టుల మీద, బ్రేక్ పైపుల మీద, మట్టి గడ్డల మీద కూడా అదే పెయింటు! వెనక కమాన్ కట్ట (స్ప్రింగు పట్టీల కట్ట) చాసిస్‌కి పట్టుకునే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. తుప్పు పొరలు పొరలుగా ఊడి మొహాన పడింది. ఇంకాస్త గట్టిగా పొడిస్తే లోపలికి దిగిపోయేదే.

ఆ వైపు బండ్లు చాలావరకు చేపలూ రొయ్యలూ తోలినవే. ఐసు కరిగి, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లతో కలిసి, తొట్టి సందుల్లోంచి చాసిస్ మీద కారుతూనే ఉంటుంది. పైన ఎండినా సందుల్లో తడి ఆరదు. ఇంజిన్ ఎంత బాగున్నా అలాంటి బండికి వెల్డింగ్ చేయిస్తూనే ఉండాలి, ఒకచోట అతికిస్తే పక్కన విరుగుతుంది. కాబట్టి ఏ మోడల్ అని అడిగే ముందు ఏ లోడు తోలిందని అడగండి.

రెండోది చూడ్డానికి దరిద్రంగా ఉంది. తొట్టి నిండా సొట్టలు, ఒక హెడ్‌లైటు లేదు. బ్యాక్ కంప్రెషన్ (ఇంజిన్ లోపల అరిగి గాలి వెనక్కి తన్నడం) ఉందని ఓనరే చెప్పాడు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి పైన అరచెయ్యి పెడితే గాలి గుప్పుగుప్పున తన్నింది, రేజ్ చేస్తే సైలెన్సర్లో నీలం పొగ. కానీ కిరాణా సరుకు తోలిన బండి, చాసిస్ పొడిగా ఉంది. మా మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను, ఇంజిన్ పనికి 90 వేలు అవుతుందన్నాడు. ఆ 90 వేలు రేటులోంచి తీయించి అదే కొన్నాను. విప్పాక క్రాంకు గ్రైండింగు, డీజిల్ చిమ్మే నాజిళ్లు కలిసి లక్ష దాటిన మాట నిజమే. అయినా ఆ ఇంజిన్లో ఏముందో నాకు తెలుసు, ఇప్పటికీ అదే తోలుతున్నాను.

మీరు చూసే బండిని పొద్దున్నే వెళ్లి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉందంటే మీకోసం ముందే తిప్పి ఉంచారన్నమాట. నల్ల పొగైతే నాజిళ్లో పంపో అనుకోవచ్చు, ఖర్చు తేలుతుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. కమాన్ కట్టలో పట్టీలు లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినవాటి కంటే ఎక్కువ వేసుంటే ఇసుకో కంకరో ఓవర్‌లోడు తోలిన బండి. దాని వెనక యాక్సిల్ హౌసింగు, క్లచ్ కూడా ఆ లెక్కనే అరిగి ఉంటాయి. టైర్ల గురించి పెద్దగా ఆలోచించకండి, ఎలాగూ మార్చుకుంటారు.

ఇక ‘పేపర్లు నిదానంగా’ అన్నాడే, నాకు అసలు భయం అక్కడే. సీ బుక్ (ఆర్‌సీ)లో పేరున్న మనిషి ఎవరో, ఇప్పుడెక్కడున్నాడో కనుక్కోండి. కన్సల్టెన్సీల్లో సంతకాలు పెట్టించిన 29, 30 ఫారాలు (పేరు మార్పుకు పెట్టేవి) పెట్టుకుని, పేరు మార్చకుండానే బండిని ఇద్దరు ముగ్గురి చేతులు మారుస్తారు. తీరా మీ పేరు మీదికి మార్చాలంటే ఓటీపీ ఆ మొదటి ఓనరు ఫోనుకు వెళుతుంది, ఆయన దొరకడు. ఆయన చనిపోయి ఉంటే వారసుల చుట్టూ తిరగాలి. పేరు మారేదాకా చట్టం దృష్టిలో రిజిస్టర్ అయిన మనిషే ఓనరు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూడా ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. అందుకే అసలు ఓనరు కూడా మార్చేయమనే అంటాడు, అడ్డుపడేది మధ్యవాళ్లే.

సీ బుక్‌లో ఫైనాన్స్ పేరు ఉంటే, బాకీ తీరినా సరే, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, సీ బుక్‌లో ఫైనాన్స్ పేరు తీసేయడానికి పెట్టే 35 నంబరు ఫారం చేతికి రాకుండా పైసా ఇవ్వకండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, సీ బుక్‌తో అంకె అంకె పోల్చుకోండి. చలాన్లు, టాక్స్ బకాయిలు ఆన్‌లైన్‌లో చూడండి.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) సంగతి విడిగా చెప్పాలి. సరుకు బండికి 8 ఏళ్లు దాటాక ఏటా చేయించాలి, కాబట్టి మీదానికి ఏటా తప్పదు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు ఫీజు అని 2016 చివర్లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏడాది మూలన పడున్న బండికి అదొక్కటే 18 వేలు దాటుతుంది. ఎఫ్‌సీ ఎప్పుడు అయిపోయిందో చూసి ఆ మొత్తం కూడా రేటులోంచి తీయించండి. వాళ్లే చేయించి ఇస్తామంటే మరీ మంచిది, బ్రేకిన్‌స్పెక్టర్ ముందు నిలబడే తలనొప్పి వాళ్లకే ఉంటుంది.

డబ్బు ఇచ్చే తీరు: అడ్వాన్స్ చిన్నదిగా, రసీదు మీద బండి నంబరుతో. మిగతాది పేరు మార్పు అప్లికేషన్ పడ్డాకే. దీనికి ఒప్పుకోకపోతే ఆ 1.9 లక్షల రేటుకు కారణం మీకు దొరికినట్టే. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

లైసెన్స్ కోసం టెన్షన్ పడకండి. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల లైసెన్స్) ఉంటే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ లేకపోయినా లోడుతో కలిపి 7,500 కిలోల లోపు ఉండే సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ చెప్పింది. మీ పికప్ ఆ బరువుకు చాలా కిందే ఉంటుంది.