మూతి నుంచి మందు దట్టించే తుపాకులకు ఏ పత్రిక? ఫ్లింట్‌లాక్ కొత్తగా పట్టినవారికి నా జవాబు

మీరు పెన్సిల్వేనియాలో ఉంటూ .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకీ, కిట్‌గా తెచ్చుకుని సొంతంగా బిగించుకున్నారు. క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ సీజన్‌లో జింక వేటకు వెళ్లాలని ఉంది. 'మజిల్ బ్లాస్ట్స్', 'మజిల్‌లోడర్' పత్రికల్లో ఒక్కదానికే చందా కడితే ఏది మేలని అడిగారు. నేను ఒహాయోలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా ఈ తుపాకులతోనే నా శని, ఆదివారాలు గడుస్తున్నాయి. రెండు పత్రికలూ తెప్పించుకున్నాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను: మొదటి ఏడాది మజిల్ బ్లాస్ట్స్ తీసుకోండి. మీ ఆసక్తి చరిత్ర వైపు మళ్లితే ఆ తర్వాత మజిల్‌లోడర్‌కు మారండి.

కారణం చెప్పేముందు నాకు జరిగిన ఒక నష్టం చెప్పాలి. మొదట్లో నేను ఈ రెండూ కాకుండా, అన్ని రకాల వేటల గురించీ రాసే ఒక పెద్ద పత్రిక తెప్పించుకున్నాను. అందులో 'మజిల్‌లోడర్ స్పెషల్' అని ఒక సంచిక వచ్చింది. దాన్ని చూసి, బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) బదులు బిళ్లల రూపంలో అమ్మే పైరోడెక్స్ అనే ప్రత్యామ్నాయ మందు కొని నా ఫ్లింట్‌లాక్‌లో వేశాను. రంజకం (గొట్టం పక్కన చిన్న పళ్లెంలో పోసే, ముందుగా అంటుకునే మందు) భగ్గుమంది, గొట్టం మాత్రం పేలలేదు. ఆ పొద్దంతా అంతే. ఇక పేలదులే అని గొట్టం ఖాళీ చేయడానికి కూర్చున్నప్పుడు నా చేతులు వణికాయి. తర్వాత తెలిసింది, ఆ వ్యాసం రాసింది ఇన్‌లైన్ తుపాకుల గురించి అని. 1985లో టోనీ నైట్ ఎమ్‌కే-85 తెచ్చాక బాగా వ్యాపించిన ఆ రకంలో నిప్పు నేరుగా మందు వెనక నుంచే తగులుతుంది. ఇప్పుడు వాటిలో మందు అంటించడానికి ఎక్కువగా వాడేది 209 షాట్‌గన్ ప్రైమర్ అనే చిన్న టోపీ, దాని మంట చాలా బలమైనది. మన చెకుముకి రాయి నిప్పురవ్వకు అంత శక్తి లేదు. దానికి అసలైన బ్లాక్ పౌడరే కావాలి, ఎందుకంటే ప్రత్యామ్నాయ మందులు అంటుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. గుండు తిరుగుతూ వెళ్లడానికి గొట్టం లోపల చెక్కే మెలికలూ వేరే. ఇన్‌లైన్‌లో 28 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే పొడవాటి గుండు కోసం. గుడ్డ చుట్టిన గుండ్రటి సీసం గుండుకు 66 అంగుళాలకు ఒక చుట్టు లాంటి నిదానమైన మెలిక సరిపోతుంది. ఒక తుపాకీకి రాసిన కొలతలు ఇంకోదానికి పనికిరావు.

అందుకే పత్రిక ఎంచుకునేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఆ పత్రిక ఏ తుపాకీ గురించి మాట్లాడుతోందన్నదే. ధర, అట్ట, ఫోటోలు తర్వాత సంగతి.

ఇక మజిల్ బ్లాస్ట్స్. ఇది నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వాళ్ల పత్రిక. సంఘం 1933లో ఏర్పడింది, పత్రిక 1939 నుంచి వస్తోంది. సంఘంలో సభ్యత్వంతో పాటు వస్తుంది కాబట్టి మీరు కట్టేది ఒక్క కాగితానికి కాదు. ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో వాళ్లకు వాల్టర్ క్లైన్ రేంజ్ ఉంది, జాతీయ పోటీలు అక్కడే జరుగుతాయి. నేను పత్రికలో ఆ పోటీల ప్రకటన చూసి ఒక జూన్‌లో కారేసుకుని వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన నా చెకుముకి రాయి అంచు చూసి, దాన్ని ఎలా చెక్కి పదును పెట్టాలో, కింద తోలు ముక్క ఎలా సర్దాలో ఇరవై నిమిషాలు కూర్చుని చూపించారు. అది ఏ వ్యాసమూ నేర్పలేదు, కానీ ఆయన దగ్గరికి నన్ను చేర్చింది ఆ పత్రికే. గురి, పోటీలు, తుపాకీ తయారీ, పాత పనివాళ్ల శైలులు, స్థానిక క్లబ్బుల వివరాలు: మీలాంటి కొత్తవారికి ముందు కావాల్సింది ఇదే.

మజిల్‌లోడర్ మనసు వేరు. 1974లో టెక్సార్కానా నుంచి మొదలైన పత్రిక, నేను తీసుకున్నప్పుడు రెండు నెలలకోసారి వచ్చేది. ఇందులో తుపాకీ ఒక్కటే ఉండదు, దాన్ని మోసిన మనిషి కూడా ఉంటాడు. పద్దెనిమిదో శతాబ్దపు సరిహద్దు జనం ఏం తొడిగారు, కొమ్ములో మందు ఎలా దాచారు, 1825 నుంచి 1840 దాకా రాకీ పర్వతాల్లో తోళ్ల వర్తకులు ఏటేటా ఎలా కలుసుకున్నారు, ఇలాంటివి. చదువుతుంటే నాకు పాడేరు దగ్గర మా తాతగారి ఊరు గుర్తొచ్చేది. అక్కడ నాటు తుపాకీలో మందు పోసి, గుండు వేసి, గజంతో (పొడవాటి కడ్డీతో) దట్టించడం చిన్నప్పుడు దూరం నుంచి చూశాను. రంజకం అనే మాట మొదట విన్నది తాతగారి నోటే. ఇంగ్లిష్ వ్యాసంలో ఆ మందు పోసే పళ్లెం బొమ్మ చూడగానే ఆ మాట దానంతటదే నోట్లోకి వచ్చింది. ఇప్పటికీ నాకు మనసుకు దగ్గరైన పత్రిక మజిల్‌లోడరే. అయినా మీకు మొదట అదే తీసుకోమనను, ఎందుకంటే డిసెంబరు చివరికల్లా మీ తుపాకీ నమ్మకంగా పేలాలి.

పేరు చూసి మోసపోకండి అని ఒక మాట. 'బ్లాక్ పౌడర్ కార్ట్రిడ్జ్ న్యూస్' మంచి పత్రికే, కానీ అది షార్ప్స్ లాంటి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకుల కోసం. అమెరికా అంతర్యుద్ధం నాటి తుపాకులపై ఇష్టం ఉంటే నార్త్-సౌత్ స్కిర్మిష్ అసోసియేషన్ వాళ్ల 'స్కిర్మిష్ లైన్' ఉంది. నెబ్రాస్కాలోని చాడ్రన్‌లో ఉన్న మ్యూజియం ఆఫ్ ద ఫర్ ట్రేడ్ త్రైమాసిక పత్రిక పరిశోధన చేసేవారికి బంగారం, మొదటి ఏడాదికి మాత్రం బరువు.

చందా కట్టేముందు ఒక పని చేయండి. పాత సంచికలు ఒక కట్ట కొనండి. గన్ షోల్లో, పాత పుస్తకాల దుకాణాల్లో రెండు పత్రికలవీ దొరుకుతాయి. ఈ రంగంలో పాత సంచిక పాతబడదు. 1980ల నాటి వ్యాసంలో గొట్టం వేడి నీళ్లతో కడగమని ఉంటే ఇప్పుడూ అదే పద్ధతి, ఎందుకంటే కాలిన మందు మసి గాలిలో తేమ పీల్చి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. పాతబడేవి ప్రకటనలూ ధరలే. నా దగ్గర ఉన్న కట్టను రెండు వారాలు తిరగేశాక, నేను ఏ పేజీల దగ్గర ఆగుతున్నానో నాకే తెలిసిపోయింది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లలో చాలామంది వీసా మీద ఉంటారు కాబట్టి. ఫెడరల్ చట్టం ఇలాంటి తుపాకులను చాలావరకు ఆంటిక్ (పురాతన వస్తువు) కింద లెక్కేస్తుంది, కానీ రాష్ట్రాల నియమాలు వేర్వేరు. నది దాటి న్యూజెర్సీకి తీసుకెళ్లేముందు తప్పకుండా కనుక్కోండి.

మీ గొట్టం మెలిక ఎంతో, ఏ సైజు గుండు వాడుతున్నారో కింద రాయండి. నా .50కి .490 గుండు, 0.015 అంగుళాల మందం గుడ్డ బాగా కుదిరాయి, రంజకానికి 4ఎఫ్ (చాలా సన్నటి పొడిగా ఉండే బ్లాక్ పౌడర్) వాడుతున్నాను.